పాలు కాచిన గిన్నె, నూనె నింపిన సీసా

విజయవాడ నుంచి హైదరాబాదు పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, కంచికచర్ల దగ్గర తగులుతుంది పరిటాల. బస్సులో పోయేవాళ్ళకు ఇప్పుడు 135 అడుగుల ఆంజనేయుడే ఆ ఊరి ఆనవాలు. అంతకుముందు ఆ పేరు వజ్రాలతో కలిపి వినపడేది. చుట్టూ ఉన్న కృష్ణా జిల్లా కుంఫిణీ చేతికి పోయినా, వజ్రాల గనులున్నాయని పరిటాలనూ దాని పక్కనున్న కొద్ది ఊళ్ళనూ నిజాం వదులుకోలేదు. 1948 దాకా జిల్లా నడిబొడ్డున అదొక నిజాం దీవి. పొలిమేర దాటితే సర్కారు మారేది, చట్టం మారేది. పొలిమేరకు ఈ పక్కా ఆ పక్కా మారనిది పాలు కాచే గిన్నె. అది ఇత్తడిది.

ఆ గిన్నె గురించి చెప్పుకోవాలంటే ముందు ఒక జబ్బు గురించి చెప్పుకోవాలి. బొద్దుగా పుట్టిన బిడ్డ ఏడెనిమిది నెలలప్పుడో, ఏడాది దాటాకో మెల్లగా చిరచిరలాడడం మొదలుపెడతాడు. పాలు పట్టబోతే మొహం తిప్పుకుంటాడు. సన్నజ్వరం వదలదు. పొట్ట ఉబ్బుతుంది. కుడి డొక్క కింద చెయ్యి పెట్టి చూస్తే గట్టిగా, అంచు వాదరగా ఏదో తగులుతుంది. ఇంట్లో పెద్దవాళ్ళు కడుపులో బల్ల పెరిగిందనేవాళ్ళు, కాస్త చదువుకున్నవాళ్ళు లివరు అనేవాళ్ళు. కళ్ళు పచ్చబడి, పొట్టలో నీరు చేరిందంటే ఇక నెలల్లోనే లెక్క. ఒక బిడ్డ పోయిన ఇంట్లోనే తర్వాతి బిడ్డా అదే దారి పట్టడం చాలా కుటుంబాల అనుభవం. అందుకే అది శాపమన్నవాళ్ళున్నారు, మేనరికం ఫలమన్నవాళ్ళున్నారు, తల్లిపాలలోనే దోషముందన్నవాళ్ళూ ఉన్నారు.

వైద్యానికి కొదవ లేదు. నేల ఉసిరి పసరు పోసేవాళ్ళు. పొట్ట మీద వాతలు పెట్టేవాళ్ళు. అచ్చుపత్రికలు వచ్చాక మద్రాసు నుంచి సీసామందు వచ్చింది. మైలాపూరు జమ్మి వెంకటరమణయ్య అండ్ సన్స్ వారి లివర్ క్యూర్ ప్రకటనలు పాత తెలుగు పత్రికలు తిరగేసేవాళ్ళకు ఇప్పటికీ కళ్ళబడుతుంటాయి. మందు ఎంత పనిచేసిందన్నది వేరే మాట. పసిపిల్లల కాలేయం పేరు మీద పుట్టిన ఒక మందు తెలుగు, తమిళ ఇళ్ళలో ఇంటింటి మాట అయిందంటే, ఆ జబ్బు ఎన్ని గడపలు తొక్కి ఉంటుందో ఊహించుకోవచ్చు.

డాక్టర్ల పుస్తకాల్లోకి ఇది కలకత్తా మీదుగా ఎక్కింది. 1887లో సేన్ అనే వైద్యుడు దీన్ని మొదట వర్ణించాడు. తర్వాత ‘ఇండియన్ చైల్డ్‌హుడ్ సిర్రోసిస్’ అన్న పేరు స్థిరపడింది. ఒక జబ్బుకు దేశం పేరు పెట్టారంటే కారణం తెలియలేదని ఒప్పుకున్నట్టే. 1960లో మద్రాసు పిల్లల డాక్టరు ఎస్.టి. అచర్ మరో ఇద్దరితో కలిసి అమెరికా వారి ‘జర్నల్ ఆఫ్ పీడియాట్రిక్స్’లో దీనిమీద పెద్ద వ్యాసమే రాశారు. శ్రీకాకుళంలో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివి, కూనూరు పోషకాహార పరిశోధనశాలలో పని నేర్చిన వులిమిరి రామలింగస్వామి ఢిల్లీ ఎయిమ్స్‌కు చేరాక, ఎన్.సి. నాయక్‌తో కలిసి దేశంలోని కాలేయ వ్యాధులను 1970లో సమీక్షించారు. అనుమానితుల జాబితా అప్పటికే పెద్దదైంది. వైరస్సా, వంశమా, మాంసకృత్తుల లోటా, వేరుశనగకు పట్టే బూజు విషమా? ఒక్కో దశకంలో ఒక్కోదాన్ని పట్టుకున్నారు. బిడ్డ రక్తం చూశారు, తల్లి రక్తం చూశారు, తాతల సంబంధాలు తవ్వారు. వంటింట్లోకి మాత్రం చాలాకాలం ఎవరూ తొంగిచూడలేదు.

తొంగిచూసేలా చేసింది మైక్రోస్కోపు. జబ్బు పడిన పిల్లల కాలేయపు ముక్కలకు ఆర్సీన్ అనే రంగు పట్టిస్తే కణాల్లో ముదురు గోధుమరంగు రవ్వలు కనిపించాయి. అవి రాగిని పట్టి ఉంచే మాంసకృత్తు. 1979లో ‘లాన్సెట్’ పత్రికలో హాన్స్ పాపర్ బృందం ఒకవైపు, ఇంగ్లండు పిల్లల వైద్యుడు స్టువర్ట్ టానర్ బృందం ఇంకోవైపు ఆ రాగి సంగతి బయటపెట్టాయి. మామూలు కాలేయంలో ఎండు బరువు లెక్కన గ్రాముకు 50 మైక్రోగ్రాములు దాటని రాగి, ఈ పిల్లల్లో వందల్లోనూ వేలల్లోనూ ఉంది.

అంత రాగి ఎక్కడిది? పుణె కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఆనంద్ పండిట్, షీలా భావే, వారితో టానర్ కలిసి తల్లులను కూర్చోబెట్టి బిడ్డకు ఏం పట్టారు, ఎప్పటినుంచి పట్టారు, దేనిలో కాచారు అని అడిగారు. ప్రశ్నల్లో గొప్పతనమేమీ లేదు. జవాబుల్లో ఉంది. జబ్బు పడిన పిల్లల్లో చాలామందికి తల్లిపాలు తొందరగా మాన్పించి, లేదా తల్లిపాలతోపాటే, గేదెపాలో ఆవుపాలో మొదలుపెట్టారు. ఆ పాలు కాచింది, కాచాక గంటల తరబడి ఉంచింది ఇత్తడి గిన్నెల్లో, రాగి పాత్రల్లో. 1983లో ఆ సంగతి లాన్సెట్‌లో అచ్చయింది. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తు రాగిని తనకు అతికించుకుంటుంది. గిన్నెలోంచి పాలలోకి, పాలలోంచి బిడ్డలోకి రాగి అలా చేరుతుంది. కాలేయం ఆ రాగిని పైత్యరసంతో బయటికి పంపాలి. పసిబిడ్డకు ఆ పని ఇంకా పూర్తిగా చేతకాదు. పైగా బిడ్డ పుట్టేటప్పటికే తల్లి కడుపులో దాచుకున్న రాగి కాలేయం నిండా ఉంటుంది.

ఇత్తడిని మన ఇళ్ళలో గుడ్డిగా వాడారనడానికి వీల్లేదు. ఇత్తడి గిన్నెలో పులుసు పెడితే కిలుము పడుతుందని, తింటే వాంతులవుతాయని ప్రతి ఇల్లాలికీ తెలుసు. కళాయి ఉన్నది అందుకే. కళాయి వేసేవాడు ఏడాదికోసారో రెండుసార్లో వీధిలోకి వచ్చి చెట్టుకింద చిన్న గొయ్యి తీసేవాడు. గోతిలో బొగ్గులు పోసి, కొలిమితిత్తి గొట్టం దూర్చి నిప్పు రాజేసేవాడు. గిన్నెను ఇసుకతో, చింతపండుతో తోమి, పట్టకారుతో పట్టుకుని నిప్పుమీద తిప్పేవాడు. వేడెక్కాక నవసాగరం పొడి చల్లితే గుప్పున తెల్లటి పొగ లేచి ముక్కులు అదిరేవి. ఆ పొగలోనే తగరం కడ్డీని గిన్నెకు అలా ఆనించి, దూది ఉండతో గుండ్రంగా రాస్తే పసుపుపచ్చ గిన్నె లోపల వెండిలా మెరిసేది. వీధి పిల్లలకు అదో వినోదం.

కళాయి శాశ్వతం కాదు. గరిటె తగిలి, బూడిదతో తోమి తోమి అరిగిపోతుంది. పులుసు గిన్నెకైతే ఇల్లాలు మళ్ళీ కళాయి పెట్టిస్తుంది, రుచి మారితే నాలుకకు తెలుస్తుంది గనక. పాలు పులుపు కాదు, గిన్నె రంగు మారదు, రుచీ మారదు. అందుకని పాలగిన్నెకు కళాయి ఉందా లేదా అన్నది పెద్దగా పట్టింపు కాలేదు. పూజలో, పెళ్ళిసారెలో, పుట్టింటివారు పెట్టే సామానులో ఇత్తడికున్న మర్యాద దాన్ని మరింత కాపాడింది. ఉన్నవాళ్ళు వెండి ఉగ్గుగిన్నె చేయించేవాళ్ళు, లేనివాళ్ళు ఇత్తడిదే వాడేవాళ్ళు. అంతకన్నా పెద్ద నష్టం తల్లిపాలను అనుమానించడంతో జరిగింది. పాలు పడలేదనో, చాలడం లేదనో బిడ్డను తల్లి దగ్గర మాన్పించి గేదెపాలకు మళ్ళిస్తే, గిన్నె రాగి అంటని పాలనుంచి అంటిన పాలకు మళ్ళించినట్టే అయింది. తప్పు మోసింది తల్లి. గిన్నె మాత్రం పొయ్యి మీద భద్రంగానే ఉంది.

ఇది మన దేశపు ప్రత్యేకత కాదని 1996లో మరో లాన్సెట్ వ్యాసం తేల్చింది. ఆస్ట్రియాలోని టిరోల్ కొండల్లో 1900 నుంచి 1974 వరకు 138 మంది పసిపిల్లలు సరిగ్గా ఇలాంటి కాలేయ జబ్బుతోనే పోయారు. అక్కడా పల్లెలే, అక్కడా రాగి పాత్రల్లో కాచిన ఆవుపాలే. పాత్రలు మారాక జబ్బు మాయమైంది. మన దగ్గరా స్టీలు, అల్యూమినియం గిన్నెలు వచ్చాక 1990ల నాటికి ఈ జబ్బు అరుదైపోయింది. కామెర్లు రాకముందే పట్టుకుంటే పెనిసిలమిన్ అనే మందుతో కొందరిని బతికించుకోవచ్చని కూడా పుణె వైద్యులు చూపారు. అయితే రాగి ఒక్కటే మొత్తం కారణమని నాయక్ వంటి పాథాలజిస్టులు చివరిదాకా ఒప్పుకోలేదు. అదే గిన్నెలో పాలు తాగిన పిల్లలందరికీ జబ్బు రాలేదు కదా అన్నది ఈ వాదంలో ఇప్పటికీ తేలని ప్రశ్న. గిన్నె మీద నేరం చాలావరకు రుజువైంది, తోడుదొంగ దొరకలేదు.

గిన్నెలు అటకెక్కుతున్న ఆ ఏళ్ళలోనే పసివాళ్ళ కాలేయానికి ఇంకో గండం వచ్చింది. ఈసారి వంటింట్లోంచి కాదు, ఆసుపత్రిలోంచి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో పాతకాలం వాళ్ళకున్న సాధనాలు రెండే, వెచ్చదనమూ ఓపికా. దూదిలో పొదివి, పాలలో ముంచిన దూదివత్తిని పెదాల మీద పిండుతూ చుక్కచుక్కగా పోసేవాళ్ళు. ఏడో నెలలో పుట్టినవాడు బతుకుతాడు, ఎనిమిదో నెలలో పుడితే కష్టమన్న నమ్మకం ఇప్పటికీ పల్లెల్లో ఉంది. వైద్యం దృష్టిలో అది తలకిందుల లెక్క. కానీ కిలో బరువు బిడ్డకు పీల్చడం రాదు, మింగడం రాదు, పేగు పాలను ఇముడ్చుకోదు. అలాంటి బిడ్డకు తిండి ఎలా పెట్టాలన్నది దూదివత్తితో తెమిలే సమస్య కాదు.

నరంలోకి తిండి ఎక్కించాలన్న ఆలోచన పాతదే. 1832లో కలరాతో ఎండిపోతున్న రోగులకు స్కాట్లండులో థామస్ లాటా ఉప్పునీరు నరంలోకి ఎక్కించాడు. మన జనం సెలైన్ అనేదానికి ముత్తాత అది. నీళ్ళూ ఉప్పూ చక్కెరా ఎక్కించడం కుదిరింది గాని కొవ్వు కుదరలేదు. కొవ్వు లేకపోతే బిడ్డ పెరగడు. అమెరికాలో పత్తిగింజల నూనెతో ‘లిపోమల్’ అనే ద్రావణం చేశారు. నందిగామ, జగ్గయ్యపేట మెట్ట రైతు పత్తిగింజలు నానబెట్టి రుబ్బి పాడిగేదెకు పెడతాడు, గేదె వెన్న పెరుగుతుందని. ఆ గింజల నూనెనే అక్కడ మనుషుల నరాల్లోకి వదిలారు. జ్వరాలొచ్చాయి, కామెర్లొచ్చాయి, రక్తస్రావాలయ్యాయి. 1960ల నడుమ దాన్ని అమ్మకం నుంచి తీసేశారు. ఈలోగా స్వీడన్‌లో అర్విడ్ వ్రెట్లిండ్ సోయా నూనెను కోడిగుడ్డు పచ్చసొనలోని ఫాస్ఫోలిపిడ్లతో చిలికి, పాలలా తెల్లగా ఉండే ‘ఇంట్రాలిపిడ్’ తయారుచేశాడు. 1962 నుంచి అక్కడ వాడకంలోకి వచ్చింది.

అసలు మలుపు ఫిలడెల్ఫియాలో. స్టాన్లీ డూడ్రిక్ అనే యువ సర్జన్ బీగిల్ జాతి కుక్కపిల్లలకు నోటికి ఏమీ పెట్టకుండా, గుండెకు దగ్గరి పెద్ద సిర ద్వారానే తిండంతా ఎక్కించి పెంచాడు. నోటితో తిన్న తోటి పిల్లల్లాగే అవీ పెరిగాయి. 1967లో చిన్నపేగు దాదాపు లేకుండా పుట్టిన ఒక ఆడశిశువుకు అదే పద్ధతి వాడారు. నరంలోంచే తిని బిడ్డ పెరిగింది. డగ్లస్ విల్మోర్, డూడ్రిక్ కలిసి 1968లో ఆ వివరం ప్రచురించారు. ప్రపంచమంతటా పిల్లల వార్డుల్లో ఆశ పుట్టింది.

మూడేళ్ళు తిరక్కుండానే నీడ పడింది. 1971లో పెడెన్, మరో ఇద్దరు ఒక కేసు రాశారు. నెలలు నిండని బిడ్డ, నరం తిండి మీదే కొన్ని వారాలు బతికి చనిపోయింది. శవపరీక్షలో కాలేయంలో పైత్యం గడ్డకట్టి, సిర్రోసిస్ మొదలై ఉంది. ఆ తర్వాత ఆ రాతలు వరుసకట్టాయి. 1979లో వచ్చిన ఒక అధ్యయనంలో కిలోలోపు బరువుతో పుట్టి నరం తిండి తీసుకున్న పిల్లల్లో సుమారు సగం మందికి పైత్యం నిలిచిపోయింది. రెండు నెలలు దాటి అలాగే నడిపిన చోట ఆ వాటా ఇంకా పెరిగింది. 1979 అంటే లాన్సెట్‌లో రాగి బయటపడిన సంవత్సరమే. ఒకే ఏడాది పసివాళ్ళ కాలేయాలు రెండు చోట్ల రెండు రకాలుగా బల్లమీదికొచ్చాయి.

లోపల జరిగేదిది. పేగులోకి తిండి దిగితేనే పిత్తాశయం ముడుచుకోవడానికి సంకేతం అందుతుంది. పేగు ఖాళీగా ఉంటే పైత్యం కదలదు, చిక్కబడుతుంది. పసివాడి కాలేయం ముందే బలహీనం. గొట్టం ద్వారా సూక్ష్మజీవులు రక్తంలోకి చేరితే నష్టం రెట్టింపవుతుంది. చక్కెర ఎక్కువైతే కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. ఇవన్నీ నిజాలే. ఇవన్నీ బిడ్డలోని లోపాలుగానే లెక్కకొచ్చాయి కూడా. నెలలు నిండలేదు, పేగు బాగాలేదు, ఇన్ఫెక్షన్ వచ్చింది అని రాసుకుంటూ పోయారు. మేనరికం, తల్లిపాలు అని మనవాళ్ళు రాసుకున్నట్టే.

సీసా వంక తిప్పి చూపించింది ఒక ఘోరం. 1983 నవంబరులో అమెరికా మార్కెట్లోకి ‘ఇ-ఫెరాల్’ అనే విటమిన్-ఇ ఇంజెక్షన్ వచ్చింది, నెలలు నిండని పిల్లల నరంలోకి ఎక్కించడానికి. ప్రభుత్వ ఆమోదం లేకుండానే అమ్మారు. వారాల్లోనే పిల్లల కాలేయాలు పెరిగి, పొట్టల్లో నీరు చేరి, మూత్రపిండాలు చెడ్డాయి. 1984 ఏప్రిల్‌లో వెనక్కి తీసుకునేనాటికి 38 మంది పోయారు. వేళ్ళు విటమిన్ వైపు కన్నా, దాన్ని నీళ్ళలో కలపడానికి వేసిన పాలీసార్బేట్ అనే సబ్బులాంటి పదార్థం వైపే చూపాయి. 1997లో ఇంగ్లండు నుంచి మరో సంగతి తెలిసింది. నరం ద్రావణాల్లో చేరే అల్యూమినియం ఈ పసివాళ్ళ మెదడు ఎదుగుదలను కుంటుపరుస్తోంది. అది ఎక్కువగా వచ్చేది కాల్షియం గ్లూకోనేట్ మందునుంచి, ఆ మందు నిలవుండే గాజు సీసా గోడలనుంచి. మళ్ళీ గిన్నే.

సోయా నూనె సంగతి మెల్లగా తేలింది. మొక్కల నూనెల్లో ఫైటోస్టెరాల్స్ ఉంటాయి. నోటితో తింటే పేగు వాటిని చాలావరకు రానివ్వదు. నేరుగా నరంలోకి ఎక్కిస్తే అడ్డుకునేవాడు లేడు. నరం తిండి మీదున్న పిల్లల రక్తంలో అవి పేరుకుంటున్నాయని, కాలేయ జబ్బున్నవాళ్ళలో ఎక్కువగా ఉన్నాయని 1993లో పీటర్ క్లేటన్ బృందం రాసింది. 2000 తర్వాత బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో మార్క్ పూడర్, ఫార్మసిస్టు క్యాథలీన్ గూరా సోయా బదులు చేపనూనె ద్రావణం ‘ఒమేగావెన్’ వాడి చూశారు. చావుకు దగ్గరగా ఉన్న ఇద్దరు పసివాళ్ళ కాలేయం కోలుకున్న వైనాన్ని 2006లో ప్రచురించారు. అమెరికా ప్రభుత్వ ఆమోదం 2018లో వచ్చింది. చేపనూనె దివ్యౌషధమేమీ కాదు. జబ్బు ముదిరినవాళ్ళకు ఉపకరించింది గాని, నెలలు నిండని పిల్లలందరికీ ముందునుంచే వాడితే జబ్బు రాకుండా ఆగుతుందని పరిశోధనలన్నీ కలిపి చూసినా 2019 దాకా రుజువు కాలేదు.

ఈ రెండు కథలు ఒకచోట నేరుగా కలుస్తాయి. నరం తిండిలో సూక్ష్మపోషకంగా రాగి కలుపుతారు. పైత్యం నిలిచిపోయిన బిడ్డలో రాగి బయటికి పోదు. అందుకని కామెర్లు రాగానే ద్రావణంలో రాగినీ మాంగనీసునూ తగ్గించడమో ఆపడమో రివాజైంది. ఇత్తడి గిన్నెల కాలం నాటి భయమే ఆసుపత్రి కాగితాల్లోకి వచ్చినట్టయింది. తర్వాత కొందరు పిల్లల్లో రాగి పూర్తిగా ఆపేస్తే రక్తహీనత, ఎముకల బలహీనత వస్తున్నాయని గమనించారు. ఇప్పుడు ఆపడం కన్నా రక్తంలో కొలుస్తూ తగ్గించడం మేలంటున్నారు.

2022 ఏప్రిల్ 4 నుంచి పరిటాల ఎన్టీఆర్ జిల్లాలో భాగం. ఊళ్ళో నెలలు నిండని కాన్పు వస్తే 108 అంబులెన్సు అదే రహదారి మీద విజయవాడ వైపు పరుగెడుతుంది. బిడ్డను బాక్సులో పెట్టారని బంధువులు ఫోన్లలో చెప్పుకుంటారు. ఆసుపత్రి లోపల నర్సు సిరంజి పంపు మీద గంటకు ఎన్ని మిల్లీలీటర్లో చూస్తుంది. తెల్లటి కొవ్వు ద్రావణం ఒక గొట్టంలో, చక్కెర, అమైనో ఆమ్లాల ద్రావణం ఇంకో గొట్టంలో. బిడ్డ పచ్చబడితే డాక్టరు డైరెక్ట్ బిలిరుబిన్ చూస్తాడు. అది డెసిలీటరుకు 2 మిల్లీగ్రాములు దాటితే పైత్యం నిలిచిందని అనుమానం. విరేచనం రంగు సున్నంలా తెల్లబడుతోందా అని తల్లిని అడుగుతాడు.

అన్నిటికన్నా ముందు తల్లిపాలు పిండించుకురమ్మంటాడు. మొదటి రోజుల్లో ఒక్కోసారి ఒక మిల్లీలీటరే, సన్నని గొట్టంతో కడుపులోకి. ఆ ఒక్క మిల్లీలీటరు బిడ్డ ఆకలికి కాదు, పేగుకూ పైత్యానికీ. తల్లికి పాలు పడని చోట దానపు పాలు వాడతారు. హైదరాబాదు నిలోఫర్ ఆసుపత్రిలో 2017లో ‘ధాత్రి’ పేరుతో తల్లిపాల బ్యాంకు మొదలైంది. బిడ్డ ఇముడ్చుకుంటే రోజురోజుకూ పాలు పెంచుతారు, ద్రావణం తగ్గిస్తారు. కిలో బరువుకు రోజుకు 120 మిల్లీలీటర్ల దగ్గరికి పాలు వచ్చాక నరం గొట్టం తీసేస్తారు. చాలామంది పిల్లల్లో ఆ తర్వాత కొన్ని వారాలకు కళ్ళ పచ్చదనం వదులుతుంది.